ఒంటి మనిషి కొలిమి

పాత పద్ధతి కమ్మరి కొలిమి ముగ్గురుంటేనే నడుస్తుంది. ఒకరు తిత్తి లాగాలి. ఒకరు పట్టకారుతో ఇనుము పట్టుకొని, దెబ్బ ఎక్కడ పడాలో చిన్న సుత్తితో తట్టి చూపాలి. ఇంకొకరు ఎదురుగా నిలబడి ఆ తట్టిన చోటే సమ్మెట వెయ్యాలి. నల్లగొండ జిల్లాలో మా ఇంటి కొలిమి అట్లనే నడిచింది. నాయన చేతిలో పట్టకారు, చిన్నాయన చేతిలో సమ్మెట, తిత్తి దగ్గర అమ్మ. పంట చేతికొచ్చాక రైతులు కల్లంలో కొలిచిచ్చే గింజలతో ఇల్లంతా గడిచేది. ఇప్పుడు గింజలు కొలిచేవాళ్ళు లేరు, చేసిన పనికి అప్పటికప్పుడు పైసలే. ఆ పైసలు ఒక మనిషి కూలికి సరిపోతాయి, ముగ్గురికి చాలవు. చిన్నాయన కొడుకులు హైదరాబాద్‌లో గేట్లు, గ్రిల్లుల వెల్డింగు చేసుకుంటున్నారు. నా పిల్లలు చదువుల్లో ఉన్నారు. కొలిమి కాడ నేనొక్కణ్ణే మిగిలాను.

అందుకని కొత్త కొలిమి కట్టాలనుకున్నప్పుడు మొట్టమొదట వేసుకున్న ప్రశ్న ఇది: లేని ఆ ఇద్దరి పని ఎవరు చేస్తారు? తిత్తి పనిని దేనికి అప్పజెప్పాలి, సమ్మెట పనిని దేనికి అప్పజెప్పాలి? కింద రాసిందంతా దానికి వెతుక్కున్న జవాబే. కొలతలు, వాడిన సామాను కూడా రాస్తున్నాను. కొత్తగా కట్టుకునేవాళ్ళు వాళ్ళ పనిని బట్టి మార్చుకోవచ్చు.

వాకిట్లోకి వచ్చే సామాను

కట్టుబడికి ముందు, ఏడాది పొడుగునా ఏ పని వస్తున్నదో నోటుబుక్కులో రాసిపెట్టాను. రాయకపోతే మన మనసు పాత లెక్కే చెబుతుంది. కమ్మరి అంటే నాగలి కర్రు, కొడవలి కక్కు (పళ్ళు), బండి చక్రానికి ఇనుప పట్టా అని. చూస్తే ఆ మూడూ దాదాపు పోయినయి. ఎడ్లు లేవు కాబట్టి కర్రు లేదు. వరి కోతకు మిషన్లు దిగాక కొడవలి గడ్డి కోతకే మిగిలింది. బండి పట్టా ఎక్కించడానికి చక్రమే రావట్లేదు.

వస్తున్నవి వేరే. ట్రాక్టర్ గొర్రుకు అరిగిపోయిన కర్రులు రోహిణి కార్తె నుంచి మృగశిర దాటేదాకా కుప్పలుగా వస్తాయి. మొన మొద్దుబారిన గడ్డపారలు, గొడ్డళ్ళు, పారలు ఎప్పుడూ ఉండేవే. బావులు, బండల పనిలో వాడే బ్రేకర్ మిషన్ల మొనలు, రాయి కొట్టేవాళ్ళ ఉలులు వస్తాయి. మటన్ కొట్టు కత్తులు, కొబ్బరిబోండాల కత్తులు వస్తాయి. మా దిక్కు తాటివనాలు ఎక్కువ కాబట్టి కల్లు గీత కత్తులు అన్నిటికన్నా నమ్మకమైన పని. వెల్డింగు షాపు వాళ్ళు చెయ్యలేనిదీ అదే.

ఈ జాబితా చూస్తే నిప్పు ఎంత పెద్దది కావాలో తేలిపోయింది. పొడుగు సామానుకు మొన మాత్రమే కాలాలి. పలుచని సామానుకు జానెడు పొడుగు కాలితే చాలు. బండి పట్టా మొత్తం కాల్చే రోజుల్లోలాగా పెద్ద గొయ్యి అక్కర్లేదు. గొయ్యి ఎంత పెద్దదైతే అంత బొగ్గు ఊరికే కాలుతుంది.

ఏ బొగ్గు

మాకు అందుబాటులో ఉన్నవి నాలుగు: సింగరేణి బొగ్గు, కోక్ (గాలి తగలకుండా కాల్చి పొగ తీసేసిన గని బొగ్గు), గ్యాసు, కట్టె బొగ్గు.

సింగరేణి దగ్గరే కదా అని చాలామంది అంటారు. కానీ ఆ బొగ్గుకు కోక్ కట్టే గుణం లేదు. జార్ఖండ్‌లోని ఝరియా వైపు దొరికే బొగ్గు మంటలో మెత్తబడి, ముక్కలు ఒకదానికొకటి అతుక్కొని, పొగ పోయాక గట్టిగా మిగులుతుంది. కమ్మరికి కావలసింది ఆ గుణం. సింగరేణిది ఎక్కడి ముక్క అక్కడే కాలిపోతుంది, బూడిద కూడా ఎక్కువ. ఆ బూడిద కరిగి గాలిగొట్టం మూతికి చిట్టెం కట్టి, పని మధ్యలో గాలిని మూసేస్తుంది. కరెంటు కేంద్రాలకు అది బంగారమే, నాకు మాత్రం తలనొప్పి.

కోక్ వేడికి వంక పెట్టలేం, పొగ కూడా ఉండదు. అయితే గాలి ఆగితే కోక్ చల్లారిపోతుంది. ఒంటి మనిషి కొలిమిలో గాలి ఆపకుండా కుదరదు, ఎందుకో కింద చెప్తాను. గ్యాసు కొలిమి పట్నాల్లో కత్తులు చేసేవాళ్ళకు బాగుంటుంది. నాకు గడ్డపార మొన 2, 3 అంగుళాలే కాలాలి. గ్యాసు కొలిమి డబ్బాలో పెడితే లోపలికి పోయినంత మేరా కాలుతుంది. వెడల్పు గొడ్డలి దాని మూతిలో పట్టదు.

మిగిలింది కట్టె బొగ్గు. నాయన చింత బొగ్గు కావాలనేవాడు. ఇప్పుడది బస్తాల లెక్కన దొరకదు. దొరికేది సర్కారు తుమ్మ బొగ్గు. చెరువు శిఖాల్లో, పడావు భూముల్లో ఎంత కొట్టినా మళ్ళీ మొలిచే చెట్టు, కట్టె గట్టిది, బొగ్గు బరువుగా ఉంటుంది. గంధకం బెడద లేదు కాబట్టి ఉక్కు చెడదు. అన్నిటికన్నా ముఖ్యం, గాలి ఆపి పైన బూడిద కప్పితే గంటసేపైనా నిప్పు లోపల బతికే ఉంటుంది. రవ్వలు ఎగరడం దీని చెడ్డ గుణం. కొనేటప్పుడు బస్తా అడుగున చెయ్యి పెట్టి చూడాలి, సగం పొడే ఉండొచ్చు. నేను ఉసిరికాయంత ముక్కలు చేసి, జల్లెడ పట్టి, పొడి వేరు చేసుకుంటాను.

తిత్తి లాగే మనిషి స్థానంలో ఏమిటి

కట్టుబడి మొత్తంలో ఎక్కువ ఆలోచన పెట్టింది ఇక్కడే.

తిత్తి లాగడాన్ని జనం చేతకానివాళ్ళ పని అనుకుంటారు. అది పొరపాటు. అమ్మ కళ్ళు ఎప్పుడూ ఇనుము రంగు మీద ఉండేవి. ఎర్రబడే దాకా నిదానంగా లాగేది, నారింజ రంగు దాటుతుంటే జోరు పెంచేది, నాయన పట్టకారు ఎత్తగానే ఆపేసేది. ఎవరూ ఏమీ చెప్పుకునేవాళ్ళు కాదు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఉక్కు దేశదేశాలకు పోయిందని మనవాళ్ళు గొప్పగా చెప్పుకుంటారు, చెప్పుకోవలసిందే. ఆ ఉక్కు కరిగించిన మూసల కింద గంటల తరబడి తిత్తులు లాగిన చేతులను మాత్రం ఎవరూ తలుచుకోరు.

కరెంటు బ్లోయర్ వచ్చాక చేతుల శ్రమ పోయింది, దాంతోపాటు ఆ కళ్ళూ పోయాయి. మా చుట్టుపక్కల కొలుములు చాలా వాటిలో స్విచ్చు వేస్తే బ్లోయర్ పొద్దుందాకా తిరుగుతూనే ఉంటుంది. పని జరిగే సమయంలో దాదాపు సగం సేపు ఇనుము దాగలి (పెట్టి కొట్టే ఇనుప దిమ్మ) మీదే ఉంటుంది. అంతసేపూ ఖాళీ నిప్పు మీద గాలి కొడుతుంటే బొగ్గు కాలేది ఎవరి కోసం? పైగా ఆ జోరు మీద తిరిగి ఇనుము పెట్టి ఒక్క క్షణం పక్కకు చూస్తే అంచు మాడిపోతుంది. ఉక్కు మాడుతున్నప్పుడు కాకరపువ్వొత్తిలాగా తెల్లటి రవ్వలు చిమ్ముతుంది. ఆ రవ్వలు కనబడ్డాయంటే ఆ ముక్క ఇక పనికిరాదు, కోసి పారెయ్యాల్సిందే.

అందుకని గాలిని కాలికి అప్పజెప్పాను. హోటల్ పొయ్యిలకు అమ్మే చిన్న బ్లోయర్ తీసుకున్నాను. దాని నోటి నుంచి 2 అంగుళాల గొట్టం. ఆ గొట్టానికి అడ్డంగా గాడి కోసి, అందులో జారే రేకు ఒకటి పెట్టాను. రేకుకు ఒక పక్క స్ప్రింగు, ఇంకో పక్క సైకిల్ బ్రేకు వైరు. వైరు రెండో కొస నేల మీది పెడలుకు. కాలు నొక్కితే రేకు జరిగి గాలి పోతుంది, ఎంత నొక్కితే అంత. కాలు తీస్తే స్ప్రింగు రేకును మూసేస్తుంది. ఇనుము ఎత్తి దాగలి వైపు తిరిగానంటే కాలు దానంతటదే పెడలు మీంచి లేస్తుంది, కాబట్టి గాలి ఆపాలని గుర్తుపెట్టుకునే పనే లేదు. అమ్మ చేసిన పనిలో ఆపడం అనే సగభాగం ఇట్లా తీరింది. రంగు చూసి జోరు మార్చే సగభాగం నా కళ్ళకూ నా కాలికీ వచ్చింది.

ఇక్కడ ఇద్దరు ముగ్గురు అడిగిన సందేహం, గాలి దారి మూసేస్తే మోటారు కాలిపోదా అని. ఈ రకం బ్లోయర్లలో నోరు మూస్తే మోటారు మీద బరువు తగ్గుతుందే తప్ప పెరగదు, ఎందుకంటే మొయ్యాల్సిన గాలి తగ్గింది. ఫ్యానుకు పెట్టే రెగ్యులేటర్ మాత్రం ఈ మోటార్లకు తగిలించొద్దు, వేడెక్కి చెడిపోతాయి. గాలి తగ్గించాలంటే రేకే మంచిది.

రేకుకు మధ్యలో పెన్సిలు పట్టేంత చిల్లు ఒకటి వదిలాను. దాని లెక్క వేరే. గాలి పూర్తిగా ఆగితే నిప్పులో పుట్టే వాయువు గొట్టంలోకి వెనక్కి వస్తుంది. మళ్ళీ గాలి వదలగానే అది భగ్గుమని అంటుకుంటుంది. రాక్షసి బొగ్గు వాడేచోట గొట్టాలు పగిలిన సంగతి పాతవాళ్ళందరికీ తెలుసు. కట్టె బొగ్గులో ఆ భయం తక్కువే, లేకపోలేదు. సన్నటి గాలి ఎప్పుడూ ముందుకే పోతుంటే వాయువు వెనక్కి రాదు, నిప్పు కూడా చావదు.

కరెంటు పోతే? పాత చేతి చక్రం బ్లోయర్‌ను పారెయ్యలేదు. గొట్టానికి పాయ పెట్టి దాన్ని రెండో పక్క బిగించాను. ఏది నడిస్తే రెండోదాని నోరు మూసుకునేటట్టు మధ్యలో ఒక రేకు తలుపు ఉంది. కరెంటు లేనప్పుడు చక్రం ఒక చేత్తో తిప్పుతూ పెద్ద పని చెయ్యలేను గానీ చేతిలో ఉన్న ముక్కను పూర్తి చెయ్యగలను.

గొయ్యి, గొట్టం, పొగ

పాతది నేల మీది కొలిమి, కూర్చొని పని చేసేది. కూర్చుంటే అన్నీ చేతికందే దూరంలో ఉంటాయి, అది దాని గొప్ప. మోకాళ్ళు మాత్రం పోతాయి. నాయనవి పోయినయి, నావీ ఆ దారిలోనే ఉన్నాయి. కొత్తది నిలబడి చేసేది. గద్దె ఎత్తు 31 అంగుళాలు. ఇటుకలు, మట్టి, లోపల మొరం నింపుడు. సిమెంటు బయటి గోడల వరకే. నిప్పు తగిలే చోట సిమెంటు ఆగదు, లోపలి తేమ ఆవిరై పెచ్చులు ఎగురుతాయి. గొయ్యి చుట్టూ ఫైర్ ఇటుకలు పెట్టి, వాటి మీద పుట్టమన్ను, వరి ఊక కలిపి నానబెట్టిన మట్టితో మందంగా మెత్తాను. ఫైర్ క్లే దొరుకుతుంది. పుట్టమన్నుకు ఖర్చు లేదు, పగిలిన చోట సాయంత్రం ఒక ముద్ద రాస్తే పొద్దటికి ఆరి ఉంటుంది.

గొయ్యి 10 అంగుళాల పొడుగు, 7 వెడల్పు, అడుగు నుంచి అంచుదాకా 9 లోతు. గాలిగొట్టం పక్క నుంచి వస్తుంది, అడుగుకు 3 అంగుళాల పైన. గొట్టం కింద ఉన్న ఆ ఖాళీలో బూడిద, చిట్టెం దిగుతాయి. గొట్టం పైన 6 అంగుళాల నిప్పు నిలబడాలి. కట్టె బొగ్గుకు ఈ మందం చాలా అవసరం. గాలి మూతి దగ్గరి నిప్పులో ఇంకా కాలని గాలి ఉంటుంది. అక్కడ ఇనుము పెడితే పొలుసులు పొలుసులుగా లేచిపోతుంది. నాలుగైదు అంగుళాలు నిప్పుల్లోంచి పైకొచ్చేసరికి ఆ గాలి వాడుకైపోతుంది. ఇనుము ఉండవలసిన చోటు అది. కొత్తగా నేర్చుకునేవాళ్ళు ఇనుమును గాలి మూతిలోకి గుచ్చుతారు, అక్కడ మంట తెల్లగా కనబడుతుంది కాబట్టి. నిప్పుల్లో అడ్డంగా పడుకోబెట్టి, పైన ఇంకో దోసెడు బొగ్గు కప్పాలి.

గొయ్యిలోకి దూరే ఈ గాలిగొట్టం 1 అంగుళం లోపలి కొలత, మందపాటి నల్ల పైపు. నీళ్ళ పనికి వాడే జీఐ పైపు వాడొద్దు. దాని మీది జింకు పూత వేడికి పొగై లేస్తుంది, అది పీల్చినవాడికి ఆ రాత్రి చలిజ్వరం ఖాయం. పాత జీఐ పైపు తెచ్చి దీంతో ఏమైనా చెయ్యమని అడిగేవాళ్ళకు కూడా ఇదే జవాబు. గొట్టం మూతి నెలల మీద కాలి కురచబడుతుంది కాబట్టి గోడ వెనక అడుగు పొడుగు ఎక్కువ వదిలాను. కాలినంత కోసేసి ముందుకు జరపడమే.

గద్దె రెండు కొసల్లోనూ అంచును పల్లంగా కోశాను. గడ్డపార ఇటు నుంచి పెడితే అటు నుంచి బయటికొస్తుంది, మధ్యలో వంగిన చోట కాల్చాలన్నా కుదురుతుంది.

పొగగూడు గురించి ఎక్కువ రాయను. గొయ్యి వెనక రేకుతో గూడు, దాని నుంచి 10 అంగుళాల గొట్టం, కప్పు మీద 3 అడుగులు పైకి. కొసన జాలీ, ఎందుకంటే పక్కింటివాళ్ళ గడ్డివాము దూరం లేదు. కట్టె బొగ్గుకు పొగ కనబడదు కదా, గూడెందుకని అనుకునేవాళ్ళుంటారు. కనబడేది పొగ. కనబడనిది, వాసన లేనిది కార్బన్ మోనాక్సైడ్. తలుపులు మూసిన గదిలో ఇద్దరు ముగ్గురు ప్రాణం పోగొట్టుకున్న వార్తలు చలికాలం చదువుతూనే ఉంటాం, అవీ కట్టె బొగ్గు కుంపట్లే. నా షెడ్డుకు రెండు పక్కల గోడే లేదు.

గోడ లేనిచోట వెలుతురు ఎక్కువై ఇంకో చిక్కు వచ్చింది. కమ్మరి కొలుములు చీకటిగా ఎందుకుంటాయని పిల్లలు అడుగుతుంటారు. మనకు ధర్మామీటర్ లేదు, రంగే కొలత. చీకట్లో ముదురు ఎరుపుగా కనబడే ఇనుము ఎండలో నల్లగానే ఉంటుంది. అందుకని కొలిమి ఉన్న మూలకు పడమట, దక్షిణం గోడలు లేపి, తూర్పు, ఉత్తరం వదిలేశాను. మధ్యాహ్నం ఎండ గొయ్యి మీద పడదు. నేల మొరం దిమ్మిస కొట్టిందే. సిమెంటు నేల మీద కాలిన ఇనుము పడితే పెచ్చు ఎగిరి కాళ్ళకు తగులుతుంది.

సమ్మెట లేని లోటు

నిజం చెప్పాలంటే సమ్మెటకు పూర్తి జవాబు నా దగ్గర లేదు. దాన్ని తగ్గించుకునే ఉపాయాలున్నాయి.

తాతల నాటి దాగలి నాలుగు పలకల ఇనుప దిమ్మ. నేలలో మొద్దులో దిగేసి ఉండేది. కూర్చున్నవాడి ఎత్తు అది. తవ్వి తీసి, నల్లతుమ్మ మొద్దును రెండడుగులు నేలలో పాతి, చుట్టూ ఇసుక కూరి, దాని మీద బిగించాను. ఎత్తు ఎంతంటే, నిలబడి చెయ్యి వదిలేసి పిడికిలి బిగిస్తే వేళ్ళ కణుపులు దాగలి మీద ఆనాలి. ఎదురుగా సమ్మెట వేసే మనిషి ఉంటే ఇంతకన్నా కిందికి ఉండాలి, పెద్ద సమ్మెట పైనుంచి రావాలి కాబట్టి. మనిషి లేడని ఎత్తులోనే ఒప్పుకున్నట్టు. గొయ్యి నుంచి దాగలికి ఒక అడుగు వేసి ఒళ్ళు తిప్పితే చాలు. దాగలి నుంచి కాలు వైసుకు (ముక్కను బిగించి పట్టే పనిముట్టు) ఇంకొక అడుగు. నీళ్ళ తొట్టి, నూనె డబ్బా ఆ రెండింటి మధ్య. పాత కూర్చుండే కొలిమిలో ఉన్న అందుబాటును నిలబడి కూడా దక్కించుకోవాలన్నదే ఈ అమరిక.

రైలు పట్టా ముక్క ఒకటి దొరికింది. చాలామంది దాన్ని పడుకోబెట్టి వాడతారు. దెబ్బ కింద ఉన్న బరువే దెబ్బకు బలం. పడుకోబెడితే కింద నాలుగు వేళ్ళ ఇనుమే ఉంటుంది, నిలబెడితే ముక్క పొడుగంతా ఉంటుంది. నిలబెట్టి పాతాను, చిన్న మొనలన్నీ దాని మీదే సాగగొడతాను.

ఒంటి మనిషికి అసలు ఇబ్బంది మూడో చెయ్యి లేకపోవడం. ఎడమ చేతిలో పట్టకారు, కుడి చేతిలో సుత్తి, మరి ఉలి ఎవరు పట్టుకోవాలి? దాగలికి అడ్డంగా మోటారు సైకిల్ గొలుసు వేశాను. ఒక కొస మొద్దుకు మేకు, రెండో కొసకు బరువైన ఇనుప ముద్ద వేలాడుతుంది. కాలిన ముక్కను గొలుసు కిందికి తోస్తే కదలదు. అప్పుడు ఎడమ చేత ఉలి పట్టి కొట్టొచ్చు. గడ్డపారలకు దాగలి ఎత్తుకే ఒక మూడుకాళ్ళ స్టాండు చేసుకున్నాను. తోక దాని మీద, మొన దాగలి మీద.

ఇన్ని చేసినా గొడ్డలిని ముద్ద ఇనుము నుంచి తియ్యడం, ట్రాక్టర్ ఇరుసు లాంటి మందపు సామాను సాగగొట్టడం ఒక్కడి చేతి పని కాదు. అవి వస్తే వద్దని చెప్తున్నాను. వద్దనడం మొదట్లో నామోషీగా అనిపించింది. నోటుబుక్కు చూస్తే అట్లాంటివి ఏడాదికి వచ్చేవి కొన్నే.

గీత కత్తి మీద పరీక్ష

కొలిమి ఎట్లా కుదిరిందో గడ్డపార చెప్పదు. మొనకు కాస్త ఎక్కువ తక్కువైనా అది నడిచిపోతుంది. గీత కత్తి నడవదు. తాడి గెలను రేకులాగా చెక్కాలి, మందంగా తెగితే కల్లు ధార ఆగిపోతుంది. చెట్టు పైన ఉన్నప్పుడు అంచు విరిగితే కిందికి దిగి రావాలి.

లారీ కమాన్ పట్టీ ముక్క తీసుకున్నాను. ఇది సిలికాన్, మాంగనీసు కలిసిన స్ప్రింగు ఉక్కు, కార్బన్ అర శాతం పైన ఉంటుంది. ఇంటి కట్టుబడిలో మిగిలిన టీఎంటీ రాడ్డు తెచ్చి దీంతో కత్తి కొట్టమని అడిగేవాళ్ళకు నేను చెప్పేది ఇదే: అందులో కార్బన్ చాలదు, ఎంత కాల్చి ముంచినా పదును నిలవదు. పట్టీని నారింజ రంగు నుంచి పసుపులోకి పోతున్నప్పుడు తీసి కొట్టాలి. ఎరుపు తగ్గాక కొట్టొద్దు, లోపల కనబడని పగులు పడుతుంది. వెన్ను అర అంగుళం లోపు మందం వదిలి, అంచువైపు సాగగొడుతూ పోతే కత్తి దానంతటది వెన్నువైపు వంగుతుంది, మధ్యమధ్య సరిచెయ్యాలి. పెడలు గాలి ఫలితం ఇక్కడ తెలిసింది. పలుచబడ్డ అంచు ఒక్క ఊపులో మాడిపోతుంది. కాలు కొద్దిగా నొక్కి ఉంచితే నిప్పు మెత్తగా ఉండి అంచూ వెన్నూ కలిసి వేడెక్కాయి. పొలుసు కూడా పాత కొలిమి కన్నా తక్కువ లేచింది.

కొట్టడం అయ్యాక మూడుసార్లు ఎర్రగా కాల్చి ఊరికే గాలికి ఆరబెట్టాను. దెబ్బలకు లోపల పట్టిన బిగువు పోతుంది. ఆ తర్వాత గట్టిపరచడం. గద్దె పక్కన వైరుకు అయస్కాంతం ఒకటి వేలాడుతుంది. ఉక్కు 770 డిగ్రీలు దాటితే అయస్కాంతానికి అంటదు. అంటడం మానేశాక ఇంకొక ఛాయ పైకి రానిచ్చి, అంచంతా ఒకే రంగు ఉందని చూసుకొని, నూనెలో నిటారుగా దింపాను. ఈ ఉక్కును నీళ్ళలో ముంచితే టంగుమని చప్పుడొస్తుంది, పగిలిందని అర్థం. నూనె పల్లీదే, గోరువెచ్చగా ఉండాలి. చల్లటి నూనె చిక్కగా ఉండి వేడిని తొందరగా లాగదు. వాడేసిన ఇంజను ఆయిలు ఊరికే దొరుకుతుంది గానీ దాని పొగ మంచిది కాదు. నూనె డబ్బాకు మూత ఎప్పుడూ పక్కనే ఉండాలి, అంటుకుంటే మూసెయ్యడానికి.

నూనెలోంచి తీసిన కత్తి మీద ఆకురాయి జారిపోయింది, పట్టలేదు. గట్టిపడినట్టే, కానీ ఇట్లనే వదిలితే గాజులా విరుగుతుంది. ఒక పక్క తోమి తెల్లగా చేసి, బాగా కాలిన మందపాటి ఇనుప ముక్క మీద వెన్ను ఆనించి పట్టుకున్నాను. రంగులు వెన్ను నుంచి అంచువైపు నడుస్తాయి. ముందు లేత గడ్డి రంగు, వెనక గోధుమ, దాని వెనక వంగపండు రంగు, ఆఖరున నీలం. వెన్ను నీలానికి వచ్చేసరికి అంచు ముదురు గడ్డి రంగు దగ్గర ఉంది, అంటే సుమారు 230 డిగ్రీలు. అక్కడ ఆపి చల్లార్చాను. అంచు గట్టిది, వెన్ను వంగేది. ఎండ పడే షెడ్డులో ఈ రంగులు కనబడవు, ఆ రెండు గోడల ఖర్చు ఇక్కడే తీరింది.

కల్లు గీసే మా ఊరి పెద్ద గౌడు కత్తిని బొటనవేలి గోరు మీద ఆనించి చూశాడు, వెన్ను పట్టి ఊపి చూశాడు. "పదును మంచిగనే ఉన్నది తమ్మీ, బరువు జర ముందుకు రావాలె" అన్నాడు. పిడి దగ్గర ఇంకొంచెం సాన పట్టి బరువు తగ్గించి ఇచ్చాను. తర్వాత వారం వాళ్ళ తమ్ముడిని తీసుకొచ్చాడు.

ఖర్చు, ఇప్పటి పరిస్థితి

ఇటుకలు, రేకులు, బ్లోయర్, గొట్టాలు, మేస్త్రీ కూలి కలిపి 40 వేలు దాటలేదు. మట్టి పని, ఇనుప పని నేనే చేసుకున్నాను. కేంద్రం 2023 సెప్టెంబర్ 17న మొదలుపెట్టిన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి, కమ్మరి వాటిలో ఒకటి. పనిముట్లకు 15 వేల రూపాయల వోచర్ ఇస్తారు, శిక్షణ పూర్తిచేసినవాళ్ళకు తొలి విడత లక్ష దాకా 5 శాతం వడ్డీకి అప్పు దొరుకుతుంది. వోచర్ వాడుకున్నాను, అప్పు జోలికి ఇంకా పోలేదు.

బొగ్గు వాడకం పాత బ్లోయర్ కొలిమితో పోలిస్తే సుమారు మూడో వంతు తగ్గింది. మోకాళ్ళకు సుఖం. దాని బదులు రోజంతా ఒంటి కాలు మీద బరువేసి ఇంకో కాలుతో పెడలు నొక్కుతుంటే నడుం పట్టేసేది. పెడలును ఏ కాలితోనైనా నొక్కేటట్టు వెడల్పు పలకగా మార్చి, పెద్ద ముక్కలు కాలేటప్పుడు నొక్కి ఉంచడానికి ఒక కొక్కెం పెట్టాక ఆ బాధ తగ్గింది. బ్రేకు వైరులోకి బూడిద చేరి పట్టేస్తుంటుంది, గ్రీసు పెడితే బూడిద ఇంకా అంటుకుంటుంది కాబట్టి పొడిగానే ఉంచి, అప్పుడప్పుడు మారుస్తున్నాను. సైకిల్ షాపులో చౌకగా దొరికే వస్తువే.

ఇక మిగిలింది స్ప్రింగు సుత్తి మిషన్. సమ్మెట పనికి అసలైన జవాబు అదేనని తెలుసు. షెడ్డు ఉత్తరం పక్క దానికి స్థలం వదిలాను, పునాది గుంట కొలత కూడా గీసుకున్నాను. త్రీ ఫేజ్ మీటరు కావాలి, దాని నెల చార్జీ పని ఉన్నా లేకున్నా కట్టాలి. దాని అదురుకు పక్కింటి మట్టిగోడ ఏమవుతుందో ఆ ఇంటివాళ్ళతో కూర్చొని మాట్లాడాలి. ట్రాక్టర్ కర్రుల పని ఈ మృగశిరకు ఎంత వస్తుందో చూసి, అప్పు సంగతి అప్పుడు తేలుస్తాను.